మోకాళ్ల నొప్పి, మబ్బుల చేతులు

(జూలూరుపాడులో స్త్రీల ఆరోగ్యంపై పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)



స్త్రీల ఆరోగ్య హక్కుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. నేను తైచీ గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు ఫోన్లో అవతలివైపు కాసేపు మాట లేదు. తర్వాత ఎంతో మర్యాదగా, "అది కూడా ఆరోగ్యమే కదా మేడమ్" అన్నారు. ఆ మర్యాద వెనక ఉన్న సందేహం నాకు తెలుసు. చాలాకాలం అది నాక్కూడా ఉంది. పోడు భూముల పట్టాలు, కూలి రేట్లు, తాగుడు, అనవసరపు ఆపరేషన్లు – ఇన్ని ఉండగా, ఇంట్లో తలుపేసుకుని వీడియో చూస్తూ గాల్లో చేతులు తిప్పడం గురించి ఉద్యమకారులకు చెప్పాల్సినదేముంటుంది? చెప్పాల్సింది ఉందని ఇప్పుడు అనుకుంటున్నాను. అది ఈ ఊళ్లోనే, ఇక్కడి ఆడవాళ్ల దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి ఇక్కడే చెప్పడం న్యాయం.

గర్భసంచి ఆపరేషన్లు చేయించుకున్న స్త్రీల అనుభవాలు సేకరించడానికి వచ్చి, కొత్తగూడెం పోయే రోడ్డు పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నాను. పొద్దున పాపకొల్లో, గుండెపూడో, ఏదో తండానో పోవడం, ఇళ్ల ముందు నేలమీద కూర్చుని గంటల తరబడి మాట్లాడించడం, సాయంత్రం గదిలో రాసుకోవడం. మూడు నెలలు తిరిగేసరికి నా ఎడమ మోకాలు మొండికేసింది. నగరంలో డాక్టరుకు చూపిస్తే, బరువు తగ్గండి, మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు అన్నాడు. కింద కూర్చోకుండా ఈ దేశంలో పేద స్త్రీతో మాట్లాడే పద్ధతి నాకు తెలియదు. కుర్చీ వేసుకుని కూర్చుంటే ఆమె లేచి నిలబడుతుంది. అప్పుడు నేను అడిగేది ప్రశ్న కాదు, విచారణ అవుతుంది.

ఒక స్నేహితురాలు కొన్ని వీడియో పాఠాలు పంపింది. కీళ్ల నొప్పులవారి కోసం తయారుచేసిన తైచీ. సిడ్నీలో కుటుంబ వైద్యుడిగా పనిచేసిన పాల్ లామ్, తనకే కీళ్ల జబ్బు ఉండడంతో తైచీ నేర్చుకుని, 1997లో మరికొందరు నిపుణులతో కలిసి ఈ పద్ధతిని రూపొందించాడు. సున్ శైలి అని తైచీలో ఒక శాఖ ఉంది, మోకాళ్లు బాగా వంచి కూర్చున్నట్టు నిలబడే పని అందులో తక్కువ. ఈ పాఠాలకు దాన్నే ఆధారం చేసుకున్నారు.

తైచీ అంటే ఏమిటో రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబాల ఊళ్లో పదిహేడో శతాబ్దంలో రూపుదిద్దుకున్నదని చెప్పే యుద్ధవిద్య ఇది. అక్కడ నేర్చుకున్న యాంగ్ లూచాన్ పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని బీజింగ్‌కు తీసుకుపోయాడు. 1956లో చైనా ప్రభుత్వం అందరూ నేర్చుకునేలా 24 కదలికలకు కుదించింది. అదంతా కలిపి చేస్తే ఐదారు నిమిషాలు. 2020లో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చింది. పేరులోని 'చీ' అంటే ఊపిరి అని చాలామంది అనుకుంటారు కానీ అది వేరే మాట. బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మెల్లగా మార్చడం, నడుమును తిప్పడం, చేతులు దాని వెంట పోవడం – చూసేవాళ్లకు కనిపించేది ఇంతే.

ఒక్క విషయం మాత్రం మన పత్రిక చదివేవాళ్లకు చెప్పకుండా ఉండలేను. చెన్ కుటుంబాలలో ఈ విద్యను కోడళ్లకు నేర్పేవాళ్లు గానీ కూతుళ్లకు నేర్పేవాళ్లు కాదని చెప్పుకుంటారు. కూతురు పెళ్లయి పోతుంది కదా, విద్య ఇంకో ఇంటి పాలవుతుంది! మనకు ఎంత తెలిసిన లెక్క! ఆడపిల్ల ఒంట్లో ఉన్న నేర్పు కూడా పుట్టింటి ఆస్తే, అది గడప దాటకూడదు. ఆ గడప దాటినవాళ్లూ ఉన్నారు. సున్ శైలిని స్థాపించిన సున్ లుటాంగ్ కూతురు సున్ జియాన్‌యున్ 2003లో చనిపోయేదాకా ఆ శైలికి పెద్దదిక్కుగా ఉంది. వూ కుటుంబపు కూతురు వూ యింగ్‌హువా, భర్త మా యుయెలియాంగ్‌తో కలిసి షాంఘైలో తరాల తరబడి నేర్పింది. ఆ మా యుయెలియాంగ్ దగ్గరే నేర్చుకున్న అమెరికన్ నర్తకి సోఫియా డెల్జా 1961లో తైచీ మీద ఇంగ్లీషులో పుస్తకం రాసింది. నేను జూలూరుపాడు గదిలో వీడియో ముందు నిలబడి తిప్పిన చేతులు, ఒకప్పుడు కూతుళ్లకు దక్కనివి. ఆ సంగతి తెలిశాక చేయాలన్న పట్టుదల ఇంకాస్త పెరిగింది.

పట్టుదల ఉన్నంత మాత్రాన వీడియో చూసి నేర్చుకోవడం సులువు కాదు. నేర్పేవాడు మనకెదురుగా నిలబడి ఎడమ చెయ్యి ఎత్తితే మనం కుడి ఎత్తుతాం. వెనక్కి తిరిగి చూపిస్తే ఆయన వీపు కనిపిస్తుంది, చేతులు కనిపించవు. మనం పక్కకు తిరగాల్సిన కదలిక వచ్చేసరికి తెర మన వెనక్కి పోతుంది. మెడ తిప్పి చూస్తే నిలబడ్డ తీరు చెడిపోతుంది. మొదటి పది రోజులూ నేను చేసింది తైచీ కాదు, దొంగచూపులు. ఆపి, వెనక్కి పోయి, మళ్లీ చూసి, ఒక్కో రోజు ఒక్కటే కదలిక. మొత్తం పాఠం ఒకేసారి చూసి చేయబోయేవాళ్లు వారం తిరక్కుండా మానేస్తారని నా అనుమానం.

అసలు చిక్కు అది కూడా కాదు. వీడియోలో గురువును మనం చూస్తాం, ఆయన మనల్ని చూడడు. తైచీలో ఒక నియమం ఉంది: మోకాలు ఎప్పుడూ కాలి వేళ్లు చూసే దిక్కే చూడాలి, లోపలికి ఒరగకూడదు, వేళ్లను దాటి ముందుకు పోకూడదు. ఒంటి బరువంతా ఉన్న కాలిని అలాగే ఉంచి నడుం తిప్పితే ఆ మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. ఈ మాట వీడియోలో ఆయన చెప్పాడు, నేను విన్నాను, కాగితం మీద రాసుకున్నాను కూడా. అయినా నా ఎడమ మోకాలు రోజూ లోపలికే ఒరిగింది. నాకు తెలియలేదు. నెల తిరిగేసరికి నొప్పి తగ్గకపోగా పెరిగింది.

కనిపెట్టింది ఎవరో చెప్తాను. మా ఎదురింటి ఆమె, నాకంటే పదేళ్లు పెద్ద. మిరపకోతలకు, పత్తితీతకు పోతుంది. నేను పెద్దమ్మా అంటాను. ఒకరోజు కిటికీలోంచి చూసి తలుపు కొట్టింది. "ఏందమ్మా, ఒక్కదానివే ఇట్ల ఊగుతున్నవ్? ఒంట్లో ఏమన్న చేరిందేమోనని బుగులయ్యింది" అంది. చెప్పాను. కూర్చుని చూసింది. చూసి, "కాలు వంకర పెడుతున్నవ్. అట్ల పెట్టి గంప ఎత్తితే నడుం పడిపోతది" అంది. వచ్చి నా మోకాలు పట్టుకుని బయటికి తిప్పింది. నెల రోజుల వీడియో చెయ్యలేని పని అది. తైచీ అన్న మాట ఆమె అప్పుడే మొదటిసారి విన్నది. అయినా బరువు మోసిన ఒంటికి, బరువు ఎక్కడ పడుతుందో తెలుసు.

తర్వాత ఆమె ఊరికే వచ్చి చూస్తుండేది, ఆపైన తనూ చేసింది. ఆమెతో ఇంకో ఇద్దరు వచ్చారు. కార్తీకంలో ఐదుగురం, సంక్రాంతి నాటికి తొమ్మిదిమంది. గది చాలక డాబా మీదికి పోయాం. అక్కడ అందరికీ కనబడతామని ఒకరిద్దరు మానేశారు. చివరికి ఊరి చివర మిరపకాయలు ఆరబోసే కళ్లంలో, ఇంకా పంట రాని రోజుల్లో చోటు దొరికింది. తెల్లవారుజామున, చీర కొంగు నడుముకు దోపుకుని. తైచీకి తెల్ల పట్టుబట్టలు అక్కర్లేదని మీకు చెప్పనక్కర్లేదు గానీ, వీడియోల్లో అవే చూసి మనకు కాదనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

పేర్ల సంగతి చూడండి. వీడియోలో ఒక్కో కదలికకు ఒక పేరు: మబ్బుల్లా చేతులు కదపడం, తెల్ల కొంగ రెక్కలు విప్పడం, బంగారు కోడిపుంజు ఒంటికాలి మీద నిలబడడం. మా వాళ్లకు ఇవి ఎక్కలేదు. మబ్బుల చేతులు చూసి ఒకామె "గోడకు అలుకు పెట్టినట్టుంది" అంది. అప్పటినుంచి అది అలుకే. వెనక్కి అడుగులు వేస్తూ అరచేతులు ముందుకు తోసే కదలిక ఒకటుంది, కోతిని తరిమినట్టు అంటారు చైనావాళ్లు. నాకు అది నెలకు గానీ రాలేదు, వెనక్కి వేసిన కాలు ఎక్కడ పడుతుందోనని భయం. వీళ్లకు మొదటి రోజే వచ్చింది! నాకు ఆశ్చర్యమేసి అడిగితే నవ్వారు. "నాటు వేసేది ఎనక్కే కదమ్మా." బురదలో, వంగి, చూడకుండా, వెనక్కి నడిచే కాళ్లు అవి. నా డాక్టరేట్‌కు ఆ తెలివి లేదు.

ఇది చెప్పి, శ్రామిక స్త్రీకి అన్నీ సహజంగానే వస్తాయని కవిత్వం చెప్పబోవడం లేదు. ఆ కాళ్లకు నొప్పి లేకపోతే వాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లే కాదు.

ఇక్కడ ఒక వాదన గురించి చెప్పాలి. వ్యవసాయ కూలీల మధ్య పాతికేళ్లుగా పనిచేస్తున్న ఒక కామ్రేడ్, నేను గౌరవించే మనిషి, ఈ సంగతి విని కోప్పడ్డాడు. "పొద్దుగూకులూ వంగి కాయ కోసే మనిషికి వ్యాయామం నేర్పుతారా? వాళ్లకు కావాల్సింది విశ్రాంతి, తిండి, కూలి. వ్యాయామం తిని అరగనివాళ్ల సమస్య." ఇందులో సగం నిజముంది. ఆ సగాన్ని ఎవరూ కాదనకూడదు. మిగతా సగం మాత్రం నాకు మింగుడు పడలేదు.

పనీ వ్యాయామమూ ఒకటి కాదు. రోజంతా ఒకే భంగిమలో వంగి, విరామం లేకుండా, ఇంకొకరు నిర్ణయించిన వేగంతో చేసే శ్రమ ఒంటికి మేలు చేయకపోగా కీడు చేయవచ్చునని డెన్మార్క్‌లోనూ ఇతర దేశాల్లోనూ పరిశోధకులు గత పదిహేనేళ్లుగా చర్చిస్తున్నారు. తీరికవేళ చేసే కదలిక గుండెకు మంచిదైతే, పనిలో చేసే బరువు శ్రమ అలా ఉండటం లేదు. దీన్ని వాళ్లు ఒక విరుద్ధం అంటున్నారు. మన ఆడవాళ్లను అడిగితే విరుద్ధమేమీ కనిపించదు. మిరపచేలో వంగిన నడుం ఎనిమిది గంటలూ ఒకవైపే వంగుతుంది. అది నిటారుగా నిలబడి, కుడికీ ఎడమకూ తిరిగి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు పంచుకునే సందర్భం రోజు మొత్తంలో ఎక్కడుంది? పైగా మన కామ్రేడ్ విశ్రాంతి కావాలన్నాడు, సంతోషం. ఆ విశ్రాంతి ఆమెకు ఎవరిస్తారు? పొలం నుంచి వచ్చాక ఇంటి చాకిరీ ఎవరు చేస్తారు? ఆ ప్రశ్న వచ్చినప్పుడు ఆయన టీ తాగడానికి లేచాడు.

కేంద్ర గణాంక సంస్థ 2019లో దేశమంతటా కాలవినియోగ సర్వే చేసింది. ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. 2024లో మళ్లీ చేశారు. ఆడవాళ్లవి 289 అయ్యాయి. పది నిమిషాలు తగ్గాయని సంబరపడేలోగా మగవాళ్లవి చూడండి, 88. వాళ్లవీ తగ్గాయి! కాబట్టి ఆడవాళ్లకు దొరికిన ఆ పది నిమిషాలూ మగవాళ్లు పంచుకోవడం వల్ల వచ్చినవి కావు. గ్యాసు, కుళాయి లాంటివి వల్ల కావచ్చునని నేననుకుంటున్నాను. మేం చేసే తైచీకి పావుగంట పడుతుంది. ఆ పావుగంట ఎక్కడనుంచి తేవాలన్నదే మా కళ్లంలో మొదటి రోజునుంచీ ఉన్న చర్చ. అక్కడ కదలికల కంటే ఎక్కువగా మాట్లాడుకున్నది దాని గురించే. ఒకామె పిల్లల డబ్బా కట్టే పని కొడుక్కి అప్పగించింది, వారం రోజులు ఇంట్లో రభస. ఇంకొకామె అరగంట ముందు లేచింది, అంటే నిద్ర తగ్గించుకుంది. దాన్ని నేను విజయం అనను.

ఫోను సంగతి ఇంకో కథ. వీడియో పాఠాలు ఇంటికే వచ్చాయి, ఎవరైనా నేర్చుకోవచ్చు అంటారు. ఎవరి ఫోన్లోకి వచ్చాయి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడినవాళ్లు 26.5 శాతం. ఆ తరువాత పెరిగే ఉంటుంది. కానీ మా గుంపులో సొంతంగా పెద్ద ఫోను ఉన్నది ఒక్కరికే. మిగతా ఇళ్లలో అది కొడుకుది, లేదా భర్తది, సాయంత్రం ఏడు తర్వాత దొరుకుతుంది, దొరికినా డేటా అయిపోయి ఉంటుంది. భర్త ఫోను తీసుకున్న ఒకామెను "ఎవనితో మాట్లాడనీకి" అని అడిగాడు. వీడియో చూపించింది. చైనా ముసలాయన నెమ్మదిగా చేతులు తిప్పుతున్నాడు. అయినా ఆ రాత్రి ఆమె దెబ్బలు తిన్నది. మర్నాడు కళ్లానికి రాలేదు. మేం ఆమె ఇంటికి పోయాం, తొమ్మిదిమందీ. తైచీ గుంపు సంఘం పని చేసిన మొదటి రోజు అదే. ఏం మాట్లాడామో ఇక్కడ చెప్పను, ఆమె అనుమతి తీసుకోలేదు. వారం తర్వాత ఆమె వచ్చింది.

దాంతో పద్ధతి మార్చాం. వారానికి ఒక్కసారి నా ల్యాప్‌టాప్‌లో అందరం కలిసి ఒక్క కదలిక చూస్తాం. మిగతా రోజులు తెర ఉండదు. ఒకరు చేస్తారు, ఒకరు వాళ్ల మోకాళ్లు చూస్తారు, తర్వాత మారతారు. వీడియో గురువు చూడలేనిది పక్కనున్న మనిషి చూస్తుంది. ఇంట్లో ఒంటరిగా వీడియోతో నేర్చుకోవాలనుకునే మీలాంటివాళ్లకు కూడా నేను చెప్పేది ఇదే: ఇంకొక్కరిని పిలవండి. 1982లో అమెరికన్ నటి జేన్ ఫాండా వ్యాయామం వీడియో క్యాసెట్ తెచ్చినప్పటినుంచీ స్త్రీలకు ఇంటి వ్యాయామం పెద్ద వ్యాపారమైంది. జిమ్‌లో మగవాళ్ల చూపులు తప్పించుకోవడానికి అది ఒక దారి, నిజమే. కానీ ఇల్లు కూడా ఎవరి చూపూ లేని చోటు కాదని మనకు బాగా తెలుసు.

ఇక గర్భసంచి విషయానికి వస్తాను. నన్ను ఈ ప్రాంతానికి తెచ్చింది అదే, తైచీని నేను సీరియస్‌గా తీసుకునేలా చేసిందీ అదే. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఎందుకిలా అన్నది వేరే ప్రసంగం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లపై వేసిన పిటిషన్‌లో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఇకముందు జరగబోయే ఆపరేషన్ల గురించి అది. జరిగిపోయినవాళ్ల సంగతేమిటి?

ముప్ఫై రెండేళ్లకు సంచితోబాటు అండాశయాలు కూడా తీసేస్తే, ముట్లుడిగే వయసు ఒక్క రోజులో వచ్చేస్తుంది. అండాశయాలు ఉంచినా అది కొన్నేళ్లు ముందుగా రావచ్చు. ఈస్ట్రోజెన్ పోతే ఎముకలు గుల్లబారడం తొందరగా మొదలవుతుంది. నలభై ఐదేళ్లకు బాత్‌రూమ్ దగ్గర జారిపడి మణికట్టు విరుగుతుంది. "పెద్ద ఆపరేషన్ అయినకాడినుంచి సత్తువ లేదు" అన్న మాట నేను ఎన్ని ఇళ్లలో రాసుకున్నానో! మా గుంపులో తొమ్మిదిమందిలో నలుగురికి సంచి లేదు. ఇది లెక్క కాదు, సర్వే కాదు. నొప్పి ఉన్నవాళ్లే వచ్చారు కాబట్టి అలా ఉండొచ్చు. ఈ నలుగురికీ ఆపరేషన్ చేసినవాళ్లు కాల్షియం మాత్రల గురించి గానీ, ఎముకల గురించి గానీ, పడిపోకుండా జాగ్రత్త గురించి గానీ ఒక్క ముక్క చెప్పలేదు. చీటీ కూడా లేదు కొందరి దగ్గర. అండాశయాలు ఉన్నాయో లేవో ఆమెకే తెలియదు.

ఇక్కడ తైచీ ఏం చేస్తుంది? ఏం చేయదో ముందు చెబుతాను. పోయిన హార్మోను తేదు. ఎముక సాంద్రతను పెంచుతుందనడానికి రుజువులు బలహీనం. బాగా రుజువైంది ఏమిటంటే పడిపోవడం తగ్గుతుంది. అమెరికాలో ఒరెగాన్‌లో 70 ఏళ్లు దాటి, పడిపోయే ప్రమాదం ఎక్కువగా ఉన్న 670 మందిపై చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఒళ్లు సాగదీసే వ్యాయామం చేసినవాళ్లతో పోలిస్తే తైచీ చేసినవాళ్లు పడిపోయిన సందర్భాలు 58 శాతం తక్కువ. మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిపై బోస్టన్‌లో జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. పన్నెండు వారాల తైచీ, ఆసుపత్రిలో ఇచ్చే ఫిజియోథెరపీకి సమానంగా నొప్పి తగ్గించింది. అయితే వాళ్లు కడుపునిండా తిన్నవాళ్లు, ఎదురుగా గురువు ఉన్నవాళ్లు. మిరపకూలీల మీద, వీడియో పాఠాలతో, ఇలాంటి అధ్యయనం నాకు కనిపించలేదు. అందుకని నేను హామీలివ్వను. తెలంగాణ స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత ఉందని 2019–21 సర్వే చెబుతుంటే, నిలబడి చేసే ఏ వ్యాయామానికైనా ముందు రక్తం పరీక్ష అడగాలి. కళ్లు తిరిగితే ఆపి కూర్చోవాలి. మా గుంపులో ఒకామెకు మొదటి వారమే కళ్లు తిరిగాయి. పరీక్ష చేయిస్తే రక్తం ఏడు. ఆమెకు నెలలపాటు తైచీ లేదు, ఐరన్ మాత్రలే.

యోగా ఉండగా చైనాది ఎందుకని అడిగినవాళ్లూ ఉన్నారు. యోగా మీద నాకు వైరం లేదు. కానీ కింద కూర్చుని లేవలేని మోకాళ్లకు కింద కూర్చోబెట్టే ఆసనాలతో మొదలుపెట్టలేం. ఇక పరాయిదేశం సంగతి అంటారా, మన ఖమ్మం మార్కెట్లో అమ్మే తేజ మిర్చి చైనాకే పోతోంది. ఆ కాయ కోసి పాడైన నడుముకు చైనా నుంచి ఏదన్నా వస్తే కాదనడం ఎందుకు? మన ఆటలు లేవా అని ఒక కోయ కార్యకర్త అడిగింది. ఈ ప్రశ్నకు మాత్రం నా దగ్గర తేలికైన జవాబు లేదు. రేల ఆటలో చేతులు పెనవేసుకుని వరుసగా అడుగు వేసేటప్పుడు బరువు ఒక కాలి మీంచి ఇంకోదానికి మారడం, పక్కవాళ్ల అడుగు ఒంటితో పట్టుకోవడం అన్నీ ఉన్నాయి. ఆమె చెప్పాక మా వరుస మారింది. ఎడం ఎడంగా నిలబడే బదులు దగ్గరగా నిలబడుతున్నాం. తైచీ వాళ్లు చూస్తే ఏమంటారో తెలియదు.

మొత్తం బాగా సాగిందనుకునేరు. మిరపకోతలు మొదలవగానే, కూలీలను ఎక్కించుకునే ఆటో ఆరింటికే రావడంతో తొమ్మిదిమంది ఇద్దరమయ్యాం. కళ్లం నిండా కాయ పోశారు, చోటూ పోయింది. ఎండాకాలం తునికాకు. నాట్ల తర్వాత మళ్లీ నలుగురు వచ్చారు. ఇప్పుడు ఆరుగురం. పెద్దమ్మ మోకాలు పూర్తిగా నయమవలేదు, కానీ గోడ పట్టుకోకుండా లేస్తోంది. నాది కూడా అంతే.

ఈ సమావేశం నుంచి రెండు విషయాలు అడగదలచుకున్నాను. గర్భసంచి ఆపరేషన్ల మీద మనం పెట్టే డిమాండ్లలో, ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్ల సంగతి చేర్చాలి. ఏం తీశారో రాసిన చీటీ, ఎముకల పరీక్ష, కాల్షియం, వారానికొక్క రోజైనా పల్లె దవాఖానాకు వచ్చే ఫిజియోథెరపిస్టు. తైచీ నేర్పి చేతులు దులుపుకునే అవకాశం ప్రభుత్వానికి ఇవ్వకూడదు. వ్యాయామం చేయండమ్మా అని చెప్పడం అన్నిటికంటే చవకైన వైద్యం, ఆ మాట మనం గుర్తుపెట్టుకోవాలి.

రెండోది, వీడియో మనమే తీద్దాం. మెదక్ ప్రాంతంలో, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు చదువు రాకపోయినా కెమెరా పట్టి తమ వ్యవసాయం మీద సినిమాలు తీశారు. 2008 నుంచి వాళ్లు నడిపిన సంఘం రేడియో గురించి కూడా మీలో చాలామందికి తెలుసు. మనకు కావాల్సింది అంత పెద్దది కూడా కాదు. పది నిమిషాల వీడియోలు, తెలుగులో ఒకటి, కోయలో ఒకటి, లంబాడీలో ఒకటి. చీర కట్టుకున్న మనిషి, వెనకనుంచి తీసిన దృశ్యం, మోకాలు దగ్గరగా. తెల్ల కొంగ స్థానంలో మన పేర్లు. ఒక్కో వీడియోలో ఒక్కటే కదలిక, తక్కువ డేటాతో వచ్చేలా. మోకాలు ఎలా ఒరిగితే తప్పో చూపించడానికి నన్ను వాడుకోవచ్చు, ఆ తప్పు నాకు బాగా వచ్చు.

పెద్దమ్మ ఇక్కడే వెనక వరుసలో ఉంది, లేచి మాట్లాడమంటే ఒప్పుకోలేదు. "మాటలెందుకు, చేసి చూపిస్త" అంది. కుర్చీలు గోడవైపు జరిపితే చోటు సరిపోతుంది. చెప్పులు విప్పి రండి, రక్తం తక్కువున్నవాళ్లు కూర్చునే చేతులు మాత్రం తిప్పండి. అలుకుతో మొదలుపెడదాం.